ఎనభై డిగ్రీల పురుగు

బెల్లం గానుగ దగ్గర కోమలి ఆటో దిగేసరికి పొయ్యి మీది కొప్పెరలో చెరుకురసం తెర్లుతోంది. పొయ్యి పక్కన చెక్కపెట్టె మీద కూచున్న వెంకటముని గబుక్కున ఎడమకాలిని పిప్పి కుప్ప చాటుకు లాక్కున్నాడు. ఈ మధ్య గానుగ దగ్గరికి ఎవరొచ్చినా అతను మొదట చేసే పని అదే.

బొటనవేలు పక్క వేలికి చెరుకు మోడు గుచ్చుకుని నెల దాటింది. పుండు మానలేదు. తిరుపతిలో డాక్టరు గుడ్డ విప్పించి చూసి, "షుగర్ ఇట్లే ఉంటే వేలు తీసెయ్యాలి. ఇంకా ఆలస్యం చేస్తే పాదం" అన్నాడు. ఎండ బాగా ఉంది అన్నట్టుగానే అన్నాడు. వెంకటముని ఇంటికొచ్చి, "ఆయింట్‌మెంటు రాసిచ్చినాడు" అని పెళ్లాం మోహనతో చెప్పి ఊరుకున్నాడు. అప్పటినుంచీ గుడ్డ తనే కట్టుకుంటున్నాడు, తనే విప్పుకుంటున్నాడు. ఆమెను దగ్గరికి రానివ్వడంలేదు.

కోమలి అతని అక్క కూతురు, తిరుపతిలో రీసెర్చి చేస్తోంది. అక్కను పదో తరగతి దాకా చదివించిన నాయన, తమ్ముణ్ణి ఆరులోనే మాన్పించి ఈ పొయ్యి ముందు కూచోబెట్టాడు. ఆ కోపం వెంకటమునికి ఇంకా ఉంది. నాయన పోయి చాలా ఏళ్లయింది కాబట్టి ఆ కోపాన్ని ఎవరిమీద చూపాలో తెలియక అందరిమీదా చూపుతాడు. మేనకోడలి మీద మాత్రం చూపలేడు, ఎత్తిపొడుపుతో సరిపెట్టుకుంటాడు. జీవితమంతా బెల్లం వండి, చివరికి బెల్లం ముక్క నోట్లో వేసుకోకూడని రోగం తెచ్చుకున్నవాడు ఇంకెట్లా మాట్లాడతాడని కోమలి కూడా సర్దుకుపోతుంది.

ఆమె చేతిలో లావుపాటి స్టీలు ఫ్లాస్కు ఉంది.

"మామా, మా ల్యాబు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు ఎప్పుడొస్తాదో తెలీదు. జనరేటరు ఫ్రిజ్జులకే చాల్లేదు. దీన్ని వేడిగా పెట్టాల. నాకు నీ పొయ్యే గుర్తొచ్చింది."

"చదువుకున్నోళ్లకు కరెంటు పోతేనే మేము గుర్తొస్తాము" అన్నాడు వెంకటముని. "ఏముండాది దాంట్లో, పాలా?"

"ప్రాణమున్నవి మామా. కంటికి కనపడవు. వేడినీళ్ల బుగ్గల్లో, అగ్నికొండల పక్కన పుట్టేవి. ఆర్కియా అంటారు."

"పురుగులా?"

"పురుగులనే అనుకో."

"ఏం తింటాయి?"

"షుగర్" అంది కోమలి.

పొయ్యిలోకి పిప్పి తోస్తున్న శాంతయ్య చెయ్యి ఆపి పకపకా నవ్వాడు. "మనిషికి షుగరొస్తే చస్తాడు, అవి షుగర్ తిని బతకతాయంట! నీకు సరైన జోడీ దొరికిందప్పా వెంకటమునీ."

వెంకటముని నవ్వలేదు. షుగర్ తింటాయన్న ఆ ఒక్క మాటే అతని చెవిలో నిలిచిపోయింది.

పొయ్యి వెనక స్నానాల నీళ్ల అండా ఉంది. ఫ్లాస్కును మెడ దాకా ఆ నీళ్లలో దించి, పక్కన ఒక చిన్న మిషను వేలాడదీసింది కోమలి. దాని తీగ నీళ్లలో ఉంటే అంకె పైన కనపడుతుంది. పిప్పి ఎగదోసి ఎగదోసి ఆ అంకెను ఎనభైకి తెచ్చారు.

"ఎనభై డిగ్రీలుండాల మామా. ఎనభైలో అవి హుషారుగా పనిచేస్తాయి. రెండు మూడు కిందా మీదా అయితే పర్లేదు. బాగా దిగిపోతే మాత్రం గట్టిపడిన పాకం మాదిరి బిగుసుకుపోతాయి. రోజుకొకసారి మూత వదులు చెయ్యి, గాలి తగలాల."

"అవి తింటే షుగర్ ఏమైతాది?"

అతను అంత ఆసక్తిగా అడగడం ఎప్పుడూ చూడని కోమలి సంబరపడి నేలమీదే చతికిలబడింది. "ముక్కలైతాది మామా. వాటిలో ఎంజైమని ఒకటుండాది, అది కోస్తాది. మనం చెరుక్కి ఒక కత్తి, గడ్డికి ఒక కొడవలి పెట్టుకుంటాం కదా. దీనికి రెంటికీ ఒకటే. గ్లూకోజుని కోసే కత్తితోనే ఇంకో రకం షుగర్‌ని కూడా కోసేస్తాది. మొదట్లో అన్నిటికీ ఒకే కత్తి ఉండేదేమో, చల్లటి చోట్లకు వచ్చినాక ఒక్కో పనికి ఒక్కోటి వేరుపడిందేమో. అది ఎట్ల మారుకుంటా వచ్చిందో చూసేదే నా పని."

"మన ఒంట్లో లేదా ఆ కత్తి?"

"దానికి దాయాది ఒకటి మన ఒంట్లో కూడా ఉండాది. పని వేరే."

"దాయాదులైతే గట్టు తగాదా తప్పదులేమ్మా" అన్నాడు శాంతయ్య.

"మనిషికి ఏమన్నా చేస్తాయా?" వెంకటముని గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమీ చెయ్యవు. వీటివల్ల మనిషికి రోగమొచ్చినట్టు ఇంతవరకు ఎవరూ చూళ్లేదు. ఆ నీళ్లు మాత్రం పుల్లగా ఉంటాయి, కొంచెం ఆసిడ్ కలిపినాం. నిమ్మరసమంత."

ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమే. కానీ ఆమె ప్రయోగశాలలో షుగర్ అంటే చక్కెర. వెంకటముని ఇంట్లో షుగర్ అంటే అతని నాయనను మంచాన పడేసింది, పెదనాయన కాలు మోకాటి దాకా తీయించింది, ఇప్పుడు తన వేలి దగ్గరికి వచ్చి కూచున్నది. దాన్ని తినే పురుగు తన గానుగలో, తన అండాలో మునిగి ఉంది. కోమలి ఆటో మలుపు తిరిగేదాకా అతను అటే చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అల్మరా వెతికి, జ్వరం చూసే థర్మామీటరు తీసి నాలుక కింద పెట్టుకున్నాడు. తొంభై ఎనిమిది. కడిగి మళ్లీ పెట్టుకున్నాడు. తొంభై ఎనిమిదే. ఎనభై చాలంది కోమలి. తనలో ఇంకా ఎక్కువే ఉంది.

అండాలో నీళ్లు చెయ్యి పెడితే బొబ్బలెక్కుతాయని అతనికి తెలియక కాదు. ఆ సంగతి ఒకసారి మనసులో కదిలింది కూడా. దానికీ ఒక సమాధానం దొరికించుకున్నాడు. నీళ్ల వేడి పైకి తగిలే వేడి, ఒంటి వేడి లోపలి వేడి. నోరు పూస్తే ఒంట్లో వేడంటారు, కళ్లు మండితే ఒంట్లో వేడంటారు. ఆ వేడి ఎవరి చేతికి తగిలింది? భయపడ్డవాడికి ఏ సమాధానమైనా సరిపోతుంది.

అయినా ఉండబట్టలేక మరుసటి పొద్దున కోమలికి ఫోను చేశాడు.

"పాపా, షుగర్ ఎక్కువుంటే ఎక్కువ తింటాయా?"

"ఉన్నకొద్దీ తింటాయి మామా."

"ఎన్నాళ్లు పట్టచ్చు?"

"మూడు నాలుగు రోజులు. ఏం మామా, నువ్వు కూడా రీసెర్చిలో చేరతావా?"

"చేర్చుకుంటారా నా మాదిరోణ్ణి?" అని పెట్టేశాడు.

శాంతయ్య చెరుకు కట్టలు దించడానికి రోడ్డు మీదికి పోయినప్పుడు వెంకటముని ఫ్లాస్కు బయటికి తీశాడు. మూత తిప్పాడు. లోపల కాస్త మబ్బుగా ఉన్న నీళ్లు. తుప్పు వాసన. ఒక లోటాకు వంచుకుని, ఊది ఊది చల్లార్చుకుని, కళ్లు మూసుకుని తాగేశాడు. పులుపుకు పళ్లు జివ్వుమన్నాయి. సగమైనా పోకపోతే పని జరగదేమోనని ఇంకో లోటా తాగాడు. తగ్గినంత మేరా అండాలోని వేడినీళ్లు పోసి, మూత బిగించి, ఫ్లాస్కును మళ్లీ నీళ్లలో దించాడు.

అప్పుడు మొదలైంది అసలు భయం. అవి లోపల బతుకుతాయా? బతకాలంటే వాటికి తిండి ఉండాలి. పైగా పొద్దున వేసుకునే మాత్రలు షుగర్‌ను తగ్గిస్తే పురుగులు ఏం తిని బతుకుతాయి? మాత్రల పొట్లం తీసి గూట్లో డబ్బాల వెనక్కి నెట్టాడు. మధ్యాహ్నం అచ్చులోంచి తీసిన బెల్లం, ఇంకా గోరువెచ్చగా ఉన్నది, ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. ఎన్నేళ్ల తర్వాతో. నాలుకంతా కరిగిపోతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. పురుగుకని ఇంకో ముక్క వేసుకున్నాడు. సాయంత్రానికి ఎన్ని ముక్కలు పురుగుకు పోయాయో, ఎన్ని తనకు పోయాయో అతనికే తెలియదు.

తెల్లవారేసరికి ఒళ్లు వేడెక్కింది. థర్మామీటరు పెట్టుకుంటే నూట ఒకటి.

వెంకటముని ఆ అంకెను మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. పురుగులు లేచాయి. పని మొదలుపెట్టాయి.

గానుగకు పోలేదు. దుప్పటి కప్పుకుని పంచలో మంచమేసుకుని పడుకున్నాడు. బయట ఏప్రిల్ ఎండ పెంకులు పగలగొడుతోంది. అతనికి మాత్రం చలి, దవడలు కొట్టుకుంటున్నాయి. మోహన చెయ్యేసి చూసి అదిరిపడింది.

"ఏమయ్యా, ఒళ్లు కాలిపోతా ఉండాది. పాకాల పోదాం లే. ఆసుపత్రిలో చూపిద్దాం."

"ఊరుకో మే. తగ్గేదానికి వచ్చిన జ్వరం ఇది."

"జ్వరం తగ్గేదానికి జ్వరమొస్తాదా? ఏం మాట్లాడతా ఉండావు నువ్వు?"

"నీకు తెలీదు."

"నీకు తెలిసేవన్నీ నేను పెళ్లైనకాడ్నుంచి చూస్తానే ఉండాలే" అంది ఆమె. ముక్కు ఎగబీల్చింది. "ఏంది ఈ వాసన? ఎలక చచ్చిందా?"

అతను పాదాన్ని దుప్పటి లోపలికి ఇంకా ముడుచుకున్నాడు. గుడ్డ తడిసి ఉంది. విప్పి చూడాలంటే ధైర్యం చాలలేదు. నొప్పి ఉంటే బాగుండుననిపించింది. నొప్పి లేదు, పాదం తనది కానట్టుగా బరువుగా ఉంది. షుగర్ తగ్గేటప్పుడు ముందు పుండు చెడు కక్కుతుందేమో. అంతే అయ్యుంటుంది. అంతే కావాలి.

మధ్యాహ్నానికి నూట మూడైంది. గదిలో టీవీ మాట్లాడుతోంది. తిరుపతిలో నలభై మూడు డిగ్రీలు, వడదెబ్బకు జాగ్రత్త, అవసరం లేకుండా బయటికి రావద్దు. వెంకటముని కళ్లు తెరిచాడు. నలభై మూడుకే మనుషులు పడిపోతారా? తను నూట మూడుతో మంచంమీద ఊపిరి తీస్తున్నాడు కదా. ఈ రెండు అంకెలూ ఒకదాని పక్కన ఒకటి కుదరలేదు. ఏదో ఒకటి అబద్ధం. ఏదో తేల్చుకోబోతే తల తిరిగింది. చెమట పట్టి, అంతలోనే ఆరిపోయి, మళ్లీ చలి మొదలైంది.

ఆ రోజే కరెంటొచ్చిందని కోమలి ఫ్లాస్కు కోసం వచ్చింది. ముందు గానుగ దగ్గరికే పోయింది. మూత తీసి, పులుపు చూసే కాగితపు ముక్క ఒకటి ముంచి చూసి నిలబడిపోయింది. ఎర్రబడాల్సిన కాగితం ఆకుపచ్చగా తేలింది.

"తాతా, దీంట్లో ఎవరన్నా బోరునీళ్లు పోసినారా?"

"నన్ను చూడద్దు తల్లీ. నేను పొయ్యికి మేత వేసే పనిలో ఉండా" అన్నాడు శాంతయ్య. "మీ మామను అడుగు. రెండు దినాలుగా తిక్కతిక్కగా ఉండాడు. బెల్లం తింటా ఉండాడు."

"బెల్లమా?"

కోమలి ఫ్లాస్కు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది. పంచలోకి రాగానే ఆ వాసన ఆమెకూ తగిలింది. వెంకటముని ఆమెను చూసి నవ్వాలని చూశాడు, పెదవులు ఎండిపోయి రాలేదు.

"తిట్టద్దు పాపా. నీ పురుగు యాడికీ పోలేదు. లోపలుండాది."

"ఏ లోపల?"

"కడుపులో. బాగా పని చేస్తా ఉండాది. నూట మూడుకొచ్చింది, నువ్వు ఎనభై చాలంటివి."

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమైనాక మంచం పక్కనే కూలబడింది.

"మామా, నేను చెప్పిన షుగర్ నీకుండే షుగర్ కాదు. ఆ ఎనభై డిగ్రీలు జ్వరానికి చూసే డిగ్రీలు కావు."

"డిగ్రీలంటే డిగ్రీలే కదమ్మా."

"రెండు రకాలుండాయి మామా. మా లెక్కలో నీ నూట మూడు నలభైకి కూడా రాదు."

"రెండు రకాలెందుకు పెట్టినారు? కొనేదానికొక రాయి, అమ్మేదానికొక రాయా?" అన్నాడతను. వెంటనే, "టీవీలో ఎండకు చెప్పేది?" అని అడిగాడు.

"అది మా లెక్కే."

వెంకటమునికి ఆ అంకెలు రెండూ ఇప్పుడు కుదిరాయి. కుదరకుండా ఉంటేనే బాగుండేది.

"అయితే అది లేవలేదా?"

"లేవదు మామా. దానికి మన ఒళ్లు మంచుగడ్డ. ఆ కత్తి కదల్లేదు కూడా. ఈపాటికి చచ్చిపోయుంటాది."

"మరి ఈ జ్వరం ఎవరిది?"

కోమలి దుప్పటి కింది పాదం వైపు చూసింది. జవాబు చెప్పే పని మోహన చేసింది. ఇంతసేపూ గుమ్మంలో నిలబడి వింటున్న మనిషి, ఒక్క అంగలో వచ్చి దుప్పటి లాగేసింది. గుడ్డ విప్పింది. వెంకటముని తల పక్కకు తిప్పుకున్నాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు. "కారు పిలువు కోమలీ" అంది. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని అతనికి తెలియదు.

కారు చంద్రగిరి దాటి తిరుపతి వైపు పోతోంది. వెనకసీట్లో అతని పాదం మోహన ఒళ్లో ఉంది. పెళ్లైనప్పటినుంచి ఆమె తన కాళ్లు పట్టుకోబోతే విదిలించుకున్నవాడు, ఇప్పుడు తీసుకునే బలం లేక ఊరుకున్నాడు. కోమలి ముందు కూచుని గోళ్లు కొరుక్కుంటోంది. ల్యాబులోది బయటికి తెచ్చినట్టు వాళ్ల సారుకు తెలియదు. అది తెలిస్తే ఆమె చదువు ఏమవుతుందో ఆమెకే తెలియదు. ఆ సంగతి డ్రైవరుకు వినపడకుండా గొణిగింది. వెంకటముని విన్నాడు.

"నేను తాగినట్టు చెప్పద్దులే పాపా. ఏదో తిన్నాడని చెప్పు."

"నోరు మూసుకుని పడుకో మామా" అంది కోమలి.

ఆసుపత్రిలో డాక్టరు అడగకముందే ఆమె అంతా చెప్పింది. ఏ జీవి, ఎంత ఆసిడ్, ఎన్ని లోటాలు, ఎవరు తెచ్చారు, ఎవరి అనుమతి లేకుండా తెచ్చారు. డాక్టరు విని, "తాగింది చంపేదేమీ కాదు. మాత్రలు మానడం, ఆ బెల్లం, ఆలస్యం, ఇవే ఈయన్ని ఇక్కడికి తెచ్చాయి" అన్నాడు. పాదం అటూ ఇటూ తిప్పి చూశాడు. "చీము పైకి పాకింది. ఇప్పుడే తీయాలి. ఎంత తీయాలన్నది తెరిచి చూస్తే గానీ చెప్పలేను. వేళ్లతో పోవచ్చు. మడమ దాకా పోవచ్చు."

"చెప్పలేరా?" అన్నాడు వెంకటముని.

"చెప్పలేను."

నడుముకు సూది వేశారు. కాసేపటికి బొడ్డు కింద అతను లేడు. ముఖానికీ ఒంటికీ మధ్య పచ్చగుడ్డ కట్టారు. స్పృహ మాత్రం బాగా ఉంది, అదే నరకమైంది. గుడ్డకు అవతల ఇనుము ఇనుముకు తగులుతోంది. ఎవరో "ఇంకొంచెం పైకి" అన్నారు. దేనికి పైకి? లైటా, కాలా? ఎవరో "చాలు" అన్నారు. ఏం చాలు? చెరుకు మొదట్లో కత్తి దిగినప్పటి చప్పుడు ఒకటి వినపడింది. మళ్లీ ఒకటి. మూడోదాని కోసం అతను ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు. ఆ తర్వాత నీళ్ల చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. అడుగుదామంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మడమ దాకా కోస్తే అది ఒకే చప్పుడవుతుందా? ఎన్ని చప్పుళ్లకు ఎంత కాలు?

వార్డులోకి తెచ్చినాక కూడా కాళ్ల స్పర్శ లేదు. పైన దుప్పటి, దాని కింద పెద్ద కట్టు. కట్టు చూస్తే లోపల ఎంతుందో చెప్పలేం. మోహన గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. అది సంతోషానికో, దుఃఖానికో అతను పోల్చుకోలేకపోయాడు. సెలైను గొట్టం పక్కన కోమలి నిలబడి ఉంది.

"ఎంత పోయింది?" అన్నాడు.

"మామా, మూడు వేళ్లుండాయి. బొటనవేలుండాది. మడమ ఉండాది."

"పోయింది అడిగితే ఉండేది చెప్తావేమే?"

"రెండు పోయినాయి."

వెంకటముని కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు. "నిజమేనా? నన్ను ఊరుకోబెట్టేదానికా?"

"నిజమే. చీము మళ్లీ లేస్తే ఇంకా తీయాలన్నాడు. వారం చూడాలంట. ఈలోగా షుగర్ దిగాల, రోజూ సూది."

"ఏ షుగర్?"

"నీ షుగర్ మామా" అంది కోమలి, ఏడుస్తూ.

నర్సు ట్రేతో వచ్చింది. సూదంటే ఇన్నేళ్లూ పక్కింటోళ్లు వినేలా కేకలేసిన మనిషి, చొక్కా చెయ్యి తనే పైకి మడిచి చేతిని ముందుకు చాచాడు.